అమ్మానాన్నలతో మొదటిసారి జపాన్ వెళ్తున్నారా? ముందు కాళ్ళ సంగతి, కడుపు సంగతి చూసుకోండి

పోయిన నవంబర్‌లో అమ్మనీ నాన్ననీ తీసుకుని పదకొండు రోజులు జపాన్ వెళ్ళొచ్చాను. వచ్చిన దగ్గర్నుంచీ వారానికి ఒకళ్ళైనా ఫోన్ చేస్తున్నారు, మేమూ పెద్దవాళ్ళని తీసుకెళ్దామనుకుంటున్నాం, ఏం చూడాలి, ఎన్ని రోజులు పెట్టుకోవాలి అని. ఫోన్లో చెప్పేటప్పుడు సగం మర్చిపోతున్నా, పెట్టేశాక అయ్యో మందుల సంగతి చెప్పలేదే అనుకుంటున్నా, అందుకే కూర్చుని మొత్తం ఇక్కడ రాసేస్తున్నా.

ఏం చూడాలో చెప్పే వీడియోలు కొల్లలుగా ఉన్నాయి, అవి చూసుకోండి. నాకు అర్థమైంది ఏంటంటే, అరవై దాటినవాళ్ళతో, అదీ నీచు తిననివాళ్ళతో వెళ్తే ట్రిప్ బాగా జరిగిందా లేదా అన్నది రెండు విషయాల మీదే ఉంటుంది. రోజుకి ఎంత నడుస్తున్నారు, మూడు పూటలా ఏం తింటున్నారు. ఈ రెండూ కుదిరితే మిగతా దేశం అంతా వాళ్ళని చేతుల్లో పెట్టుకుని చూసుకుంటుంది, అంత బాగుంటుంది అక్కడ. ఈ రెండూ కుదరకపోతే ఫూజీ కొండ ఎదురుగా నిలబెట్టినా అమ్మ మొహంలో కళ ఉండదు.

వీసా సంగతి ముందు చెప్పేస్తాను. ఇప్పుడు ఇక్కడ ఉండేవాళ్ళకి టూరిస్ట్ వీసా ఈ-వీసాగా ఇస్తున్నారు, అప్లికేషన్ ఇచ్చేది వీసా సెంటర్లోనే గానీ పాస్‌పోర్ట్‌లో స్టిక్కర్ ఉండదు. ఎయిర్‌పోర్ట్‌లో ఆ వీసా పేజీని ఫోన్లో ఇంటర్నెట్ ఆన్ చేసి సైట్ ఓపెన్ చేసి చూపించాలి, ప్రింట్ తీసుకెళ్ళినా, స్క్రీన్‌షాట్ ఉన్నా, పీడీఎఫ్ ఉన్నా ఒప్పుకోరు. మనకేమో అన్నీ జిరాక్స్ తీసి ఫైల్లో పెట్టుకుంటే నిశ్చింత కదా, నాన్న కూడా మూడు సెట్లు తీసి పెట్టుకున్నారు, అవి వేరేచోట పనికొస్తాయి గానీ ఇక్కడ కాదు. ఎయిర్‌పోర్ట్‌లో ఫ్రీ వైఫై ఉంటుంది, కంగారు పడక్కర్లేదు, కానీ దిగే ముందే ఫోన్లో ఛార్జింగ్ ఉందో లేదో చూసుకోండి. అలాగే విజిట్ జపాన్ వెబ్ అని ఒక సైట్ ఉంది, ఇమిగ్రేషన్, కస్టమ్స్ వివరాలు ఇంట్లో ఉన్నప్పుడే నింపేసుకుంటే ఒక క్యూఆర్ కోడ్ వస్తుంది, రాత్రంతా నిద్ర లేకుండా ప్రయాణం చేసి దిగాక క్యూలో నిలబడి ఫారాలు రాసే బాధ తప్పుతుంది.

మందులు. ఇది చాలామంది పట్టించుకోరు, దయచేసి పట్టించుకోండి. మన పెద్దవాళ్ళు ఎక్కడికెళ్ళినా ఒక సంచి మందులు వెంట ఉంటాయి, బీపీవి, షుగర్‌వి, గ్యాస్‌వి, జలుబు చేస్తే వేసుకునేవి, దగ్గు మందు. జపాన్‌కి మన డాక్టర్ రాసిచ్చిన మందులు ఒక నెలకి సరిపడా వరకు తీసుకెళ్ళొచ్చు, అంతకుమించి కావాలంటే ముందుగానే వాళ్ళ దగ్గర పర్మిషన్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. సూడోఎఫెడ్రిన్ పది శాతానికి మించి ఉన్న మందులు అసలు తీసుకెళ్ళకూడదు, మన జలుబు బిళ్ళల్లో కొన్నిట్లో అది ఉంటుంది, కోడీన్ కలిసిన దగ్గు మందులకి కూడా రూల్స్ ఉన్నాయి. అందుకని ప్రయాణానికి పది రోజుల ముందు ఆ సంచి మంచం మీద బోర్లించి ఒక్కొక్క స్ట్రిప్ వెనక చదవండి, అనుమానం ఉన్నవి ఇంట్లో పెట్టేయండి, మిగతావాటికి ఇంగ్లీష్‌లో ప్రిస్క్రిప్షన్ రాయించుకోండి. స్ట్రిప్పుల్లోంచి తీసి డబ్బాల్లో పోయకండి, అది ఏ మందో అక్కడ ఎవరికీ తెలీదు. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోవడం మాత్రం మానద్దు, పెద్దవాళ్ళతో వెళ్తున్నప్పుడు అది అనవసరపు ఖర్చు కాదు.

ఇంకో మాట, కరెంట్ కుక్కర్. మనవాళ్ళు విదేశం అనగానే చిన్న రైస్ కుక్కర్ సూట్‌కేస్‌లో పెడతారు. జపాన్‌లో కరెంట్ 100 వోల్టులు, మనది 230. మన కుక్కర్ అక్కడ పెడితే పాడవదు గానీ వేడి ఐదో వంతు కూడా రాదు, గంట పెట్టినా బియ్యం నానుతూనే ఉంటాయి. పైగా హోటల్ గదుల్లో వంట చేయనివ్వరు. ఫోన్ ఛార్జర్లు, ల్యాప్‌టాప్ ఛార్జర్లు మాత్రం బాగానే పనిచేస్తాయి, పిన్ను రెండు పలకల్లా ఉంటుంది కాబట్టి అడాప్టర్ కొనుక్కోండి, అంతే. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి లాంటివి తీసుకెళ్ళకూడదు, మాంసం ఏ రూపంలో ఉన్నా లోపలికి రానివ్వరు. పళ్ళు, పచ్చి కరివేపాకు కూడా వద్దు. మేం తీసుకెళ్ళింది ఆవకాయ చిన్న సీసా, కందిపొడి, వేడినీళ్ళు పోస్తే అయిపోయే ఉప్మా ప్యాకెట్లు, అటుకులు. కస్టమ్స్ దగ్గర తినేవి ఉన్నాయని నిజమే చెప్పాం, ఏంటని అడిగారు, చూపించాం, పంపించారు.

ఇప్పుడు అసలు సంగతి, తిండి.

జపాన్‌లో కూరగాయలతో చేసినట్టు కనపడే వంటల్లో కూడా చాలావాటిలో చేప ఉంటుంది. ముక్క కనపడదు, వాసన కూడా మనకి తెలీదు. దాషి అంటారు, మన చారుకి చింతపండు రసం ఎలాగో వాళ్ళ వంటకి ఈ దాషి అలాగ, సూపుల్లో, ఉడకబెట్టిన కూరల్లో, నూడుల్స్ నీళ్ళల్లో అన్నిట్లో ఇదే ఆధారం. బొనిటో అనే చేపని ఉడికించి, పొగబెట్టి, చెక్కలా అయ్యేదాకా ఎండబెట్టి, వడ్రంగి చిత్రిక పడితే వచ్చే రేకుల్లా గీకుతారు, ఆ రేకుల్ని వేడినీళ్ళల్లో వేసి వడకడితే వచ్చేదే అది. ఒట్టి సముద్రపు నాచుతో చేసే దాషి కూడా ఉంది, అది మనం తినొచ్చు, కానీ మామూలు హోటళ్ళల్లో ఎక్కువగా చేపదే ఉంటుంది.

మాకిది మూడో రోజు అనుభవమైంది. మేం వెళ్ళింది కార్తీక మాసం, నాన్న మామూలుగా చికెన్ తింటారు గానీ కార్తీకంలో ముట్టరు, అమ్మయితే జన్మలో ముట్టలేదు. ఒక చిన్న షాపులో ఉడాన్ అనే లావుపాటి నూడుల్స్ సూపు చూపించి, దీన్లో మాంసం ఉందా అని ఫోన్లో ట్రాన్స్‌లేట్ చేసి అడిగాను. లేదన్నారు, వాళ్ళు చెప్పింది నిజమే, మాంసం లేదు. పైన ఉల్లికాడలు, పాలకూర, ఇంకేం లేవు. అమ్మ సగం గిన్నె తిన్నాక నాకెందుకో అనుమానం వచ్చి చేప ఉందా అని అడిగితే అప్పుడు ఆవిడ సంతోషంగా లోపల్నుంచి ఆ చేప రేకుల ప్యాకెట్ తెచ్చి చూపించింది, మేం రుచి మెచ్చుకుంటున్నామనుకుంది పాపం. అమ్మ ఏమీ అనలేదు. స్పూను పక్కన పెట్టేసింది, ఆ పూట ఇంకేం తినలేదు, రాత్రి గదికొచ్చి తలస్నానం చేసి పడుకుంది. తప్పు ఆ షాపావిడది కాదు, అడగాల్సిన ప్రశ్న నేను అడగలేదు. ఇప్పటికీ నాకది గుర్తొస్తే మనసుకి కష్టంగా ఉంటుంది.

కాబట్టి మీరు వెజిటేరియన్ అని ఊరుకోకండి, ఆ మాటకి చాలామంది మాంసం ముక్క లేకపోతే చాలనుకుంటారు. మాంసం, చేప, రొయ్య, గుడ్డు తినం, చేపతో చేసిన దాషి కూడా తినం అని జపనీస్‌లో రాసిన కార్డు ఒకటి ఇంటి దగ్గరే తయారు చేసుకోండి, భాష తెలిసినవాళ్ళతో ఒకసారి చదివించుకుంటే ఇంకా మంచిది, ప్రింట్ తీసి అమ్మ హ్యాండ్‌బ్యాగ్‌లో ఒకటి, మీ పర్సులో ఒకటి పెట్టుకోండి. అది చూపిస్తే వాళ్ళు నిజాయితీగా కుదరదు అని చెప్పేస్తారు, కుదురుతుందంటే నమ్మొచ్చు. హోటళ్ళల్లో అలర్జీ చార్ట్ ఇస్తారు, దాన్ని చూసి ధైర్యం తెచ్చుకోకండి, దాన్లో గుడ్డు, పాలు, రొయ్య, పీత లాంటివి ఉంటాయి గానీ చేప నీళ్ళ సంగతి దాన్లో తేలదు. షాపుల్లో ప్యాకెట్లు కొనేటప్పుడు ఫోన్ కెమెరాతో ట్రాన్స్‌లేట్ చేసి చూడండి, చిప్స్‌లో కూడా పోర్క్ పొడి ఉండొచ్చు, బ్రెడ్డులో కొవ్వు ఉండొచ్చు. జపనీస్ కర్రీ అన్నం అని కనపడగానే మన కూర లాంటిదే కదా అనుకోకండి, దానికి వాడే మసాలా ముద్దలో చాలావరకు బీఫ్ కొవ్వో పోర్క్ కొవ్వో ఉంటుంది. కోకో ఇచిబాన్యా అనే కర్రీ హోటళ్ళల్లో మాత్రం వెజిటేరియన్ కర్రీ విడిగా పెట్టే బ్రాంచీలు ఉన్నాయి. టోక్యో స్టేషన్ గేట్ల లోపలే టీస్ టాన్‌టాన్ అని ఒక రామెన్ (నూడుల్స్ సూపు) షాపు ఉంది, మొత్తం వీగనే, అక్కడ నాన్న గిన్నె ఖాళీ చేసి ఇంకోటి చెప్పమన్నారు.

మా ట్రిప్‌ని నిలబెట్టింది మాత్రం పెరుగన్నం. నిజం. సెవెన్ ఇలెవెన్, లాసన్, ఫ్యామిలీమార్ట్, వీటిని కొంబినీ అంటారు, వీధికొకటి ఉంటుంది, చాలావరకు 24 గంటలూ తెరిచే ఉంటాయి. అక్కడ వండిన తెల్లన్నం ప్యాకెట్లు అమ్ముతారు, మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు పెడితే పొగలు కక్కుతూ వస్తుంది. పక్కనే ఫ్రిజ్‌లో ప్లెయిన్ యోగర్ట్ డబ్బా, మెయిజీ బల్గేరియా అని 400 గ్రాములది ఉంటుంది, చక్కెర లేనిది చూసుకుని తీసుకోవాలి, ఆ పెరుగు చిక్కగా, కొంచెం పుల్లగా అచ్చం ఇంటి పెరుగులాగే ఉంటుంది. వాళ్ళ బియ్యం కాస్త జిగురుగా ఉంటాయి కదా, పులుసులోకి బాగోదు గానీ పెరుగులోకి మెత్తగా భలే కలుస్తుంది. మా హోటల్లో కిందెక్కడో కూల్‌డ్రింక్ మెషీన్ల పక్కన మైక్రోవేవ్ ఉంది, అమ్మ రాత్రి తొమ్మిదింటికి అన్నం వేడి చేసుకొచ్చి పేపర్ గిన్నెలో పెరుగు వేసి, ఉప్పు చిటికెడు వేసి, చేత్తో కలిపి, ఆవకాయ ముక్క ఒకటి పక్కన పెట్టి నాకూ నాన్నకీ ఇచ్చింది. ఆ ఉడాన్ తర్వాత రోజు రాత్రి అది. ఇక ఆ రోజు నుంచి రాత్రి భోజనం గురించి మేం వెతుక్కోలేదు, పగలు ఏది దొరికినా దొరక్కపోయినా రాత్రికి పెరుగన్నం ఉందిలే అన్న ధైర్యం వచ్చేసింది. అందుకే హోటల్ బుక్ చేసేటప్పుడు మైక్రోవేవ్ ఉందా అని చూడండి, స్విమ్మింగ్ పూల్ ఉందా అన్నది తర్వాత.

పగలు దారిలో తినడానికి ఓనిగిరి ఉంటాయి, మూడు మూలల అన్నం ముద్దలు, నాచు ఆకులో చుట్టి ఇస్తారు. ఉమెబోషి పెట్టినది అడగండి, ఉప్పులో ఊరేసిన పుల్లటి కాయ, మన ఊరేసిన ఉసిరికాయ గుర్తొస్తుంది, కొన్ని కంపెనీలవాటిలో అందులో కూడా చేప పొడి కలుపుతారు, ప్యాకెట్ వెనక చూసుకునే కొనండి. ఒక్కసారైనా గుళ్ళో భోజనం చేయించండి. షోజిన్ ర్యోరి అంటారు, బౌద్ధ సన్యాసుల భోజనం, మాంసం చేపలే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. కార్తీక సోమవారం నాడు ఉల్లి వెల్లుల్లి లేని భోజనం క్యోటోలో దొరుకుతుందని అమ్మ అనుకోలేదు. అరషియామాలో తెన్‌ర్యూజీ గుడి ఆవరణలోనే షిగెత్సు అని ఉంది, ముందు బుక్ చేసుకుని వెళ్ళండి. ఎర్రటి పళ్ళెంలో చిన్న చిన్న గిన్నెలు, నువ్వులతో చేసిన మెత్తటి ముద్ద, సోయా పాలు కాచితే పైన కట్టే మీగడ తీసి చుట్టినది, ఊరేసిన ముల్లంగి, అన్నం. కింద చాప మీద కూర్చుని తినాలి, మోకాళ్ళ నొప్పులుంటే ముందే కుర్చీ అడిగి చూడండి. ఇవి కాక టోక్యో, క్యోటోల్లో ఇండియన్ హోటళ్ళు బోలెడున్నాయి, చాలావరకు నేపాల్ వాళ్ళు నడుపుతారు, టోక్యోలో నిషి-కసాయ్ వైపు మన దేశంవాళ్ళు ఎక్కువగా ఉంటారు కాబట్టి ఇడ్లీ దోశ కూడా దొరుకుతాయి. కానీ రోజూ దానికోసం మెట్రో ఎక్కి వెళ్ళడం అయ్యే పని కాదు.

సరే, ఇక కాళ్ళు.

జపాన్ అంటే రైళ్ళు, రైళ్ళంటే స్టేషన్లు, స్టేషన్లంటే నడక. ఇది ఎవరూ చెప్పరు. మ్యాప్‌లో రైలు ప్రయాణం పన్నెండు నిమిషాలు అని చూపిస్తుంది, ప్లాట్‌ఫామ్ నుంచి బయటికి రావడానికి ఇంకో పన్నెండు నిమిషాలు పడుతుంది. షింజుకు స్టేషన్‌కి రెండొందలకి పైగా బయటికెళ్ళే దారులు ఉన్నాయి, రెండొందలు, పొరపాటున రాయలేదు. మేం మొదటి రోజు ఒక పెద్ద స్టేషన్లో తప్పు దారిలో పైకొచ్చేశాం, హోటల్ రైలు పట్టాలకి అవతల ఉంది, మళ్ళీ వెనక్కి దిగి చుట్టూ తిరిగి రావడానికి నలభై నిమిషాలు, రెండు పెద్ద సూట్‌కేసులు, అమ్మ ఒక స్తంభానికి ఆనుకుని ఏమీ మాట్లాడకుండా నిలబడిపోయింది. కాబట్టి ఎక్కే ముందే చూసుకోవాల్సింది ఎగ్జిట్ నెంబర్. గూగుల్ మ్యాప్స్‌లో ఎగ్జిట్ పేరు, ఎన్నో పెట్టెలో ఎక్కితే దిగాక దగ్గరో కూడా చాలా స్టేషన్లకి చూపిస్తుంది, అది స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. లిఫ్ట్ ఉన్న ఎగ్జిట్ వేరేగా ఉంటుంది, గోడ మీద మ్యాప్‌లో లిఫ్ట్ బొమ్మ వెతకండి, తెలియకపోతే గేటు పక్కన గదిలో ఉండే స్టేషన్ ఉద్యోగిని అడగండి, సుమిమాసెన్ అని పలకరించి ఫోన్లో బొమ్మ చూపిస్తే చాలు, చాలా ఓపిగ్గా చెప్తారు.

టికెట్ల కోసం సుయికా కార్డు లాంటిది ఒకటి తీసుకోండి, పాస్మో, ఇకోకా అని వేరే పేర్లతోనూ ఉంటాయి, ఏదైనా ఒకటే, దేశంలో పెద్ద ఊళ్ళన్నిట్లో పనిచేస్తుంది. మనిషికొకటి ఉండాలి, ఒకే కార్డుతో ముగ్గురు వెళ్ళడం కుదరదు. లోపలికెళ్ళేటప్పుడు టచ్, బయటికొచ్చేటప్పుడు టచ్, బ్యాలెన్స్ చాలకపోతే గేటు మూసుకుంటుంది, కంగారు పడకుండా పక్కనే మెషీన్లో డబ్బులు వేసుకోవడమే. అదే కార్డుతో కొంబినీలో పెరుగూ కొనొచ్చు. కార్డులో డబ్బులు వేసే మెషీన్లు చాలావరకు క్యాషే తీసుకుంటాయి కాబట్టి చేతిలో నోట్లు ఉంచుకోండి, ఫోన్లో స్కాన్ చేసి కట్టే మన అలవాటుని నమ్ముకుని వెళ్ళకండి. సెవెన్ ఇలెవెన్‌లో ఉండే ఏటీఎంలో మన డెబిట్ కార్డు, ఫోరెక్స్ కార్డు పనిచేస్తాయి, రూపాయల్లో లెక్కగట్టమంటారా అని స్క్రీన్ మీద ఎక్కడ అడిగినా వద్దు, యెన్లలోనే అనండి. కౌంటర్ దగ్గర చిన్న పళ్ళెం ఉంటుంది, డబ్బులు దాన్లో పెట్టాలి, టిప్పు ఎక్కడా ఇవ్వకండి, వెంటపడి మరీ తిరిగిస్తారు.

సూట్‌కేసుల గురించి ఒక్క మాట వినండి, మొత్తం పోస్టులో ఇదొక్కటి గుర్తుపెట్టుకున్నా చాలు. ఊరు మారేటప్పుడు పెద్ద పెట్టెలు మీరు మోయకండి. తక్కుబిన్ అని కొరియర్ ఉంది, నల్ల పిల్లి తన పిల్లని నోట కరుచుకున్న బొమ్మ ఉండే కంపెనీ అందరికీ తెలుసు, హోటల్ రిసెప్షన్‌లో పొద్దున్నే ఇచ్చేస్తే టోక్యో నుంచి క్యోటో హోటల్‌కి మర్నాటికి చేరుస్తారు. సైజుని బట్టి పెట్టెకి రెండు మూడు వేల యెన్లు అవుతుంది, వంద యెన్లంటే మనకి అటూ ఇటూగా అరవై రూపాయలు వేసుకోండి. ఒక రాత్రికి బట్టలు, మందులు, పాస్‌పోర్ట్‌లు, డబ్బులు చేతి బ్యాగ్‌లో ఉంచుకుని మిగతాది పంపేయండి. మేం క్యోటోకి భుజాన ఒక్కో బ్యాగ్‌తో వెళ్ళాం, షింకాన్‌సెన్‌లో, అంటే బుల్లెట్ రైల్లో, నాన్న కిటికీ పక్కన కూర్చుని ఫూజీ కొండ కోసం చూస్తూ వెళ్ళారు, టోక్యో నుంచి క్యోటో వైపు వెళ్తుంటే కుడివైపు, మామూలు బోగీలో E సీటు, ముప్పావుగంటలోపే వస్తుంది. ఆకాశం శుభ్రంగా ఉంటేనే కనపడుతుంది, మాకు కనపడింది, నాన్న లేచి నిలబడి నమస్కారం పెట్టారు. పెట్టెలు రైల్లో తీసుకెళ్ళాలనే ఉంటే పొడవు వెడల్పు ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటితే పెద్ద సామాను పెట్టుకునే చోటున్న సీటు ముందే రిజర్వ్ చేసుకోవాలి, లేకపోతే వెయ్యి యెన్లు కట్టించుకుంటారు.

జేఆర్ పాస్, అంటే టూరిస్టులకి దేశమంతా రైళ్ళలో తిరగడానికి ఇచ్చే పాస్, కొనాలా అని అందరూ అడుగుతున్నారు. 2023 అక్టోబర్‌లో వారం పాస్ 29,650 నుంచి 50,000 యెన్లకి పెంచేశారు. టోక్యో నుంచి క్యోటోకి ఒకవైపు దాదాపు 14,000, వెళ్ళి రావడానికి 28,000. మీరే లెక్క వేసుకోండి, హిరోషిమా దాటి తిరిగేవాళ్ళకైతే ఆలోచించొచ్చు, టోక్యో క్యోటో ఒసాకా మాత్రమే అయితే అక్కర్లేదు.

రోజుకి రెండే చోట్లు పెట్టుకోండి. నేను మొదట నాలుగేసి రాసుకున్నాను, రెండో రోజుకే మార్చేశాను. పొద్దున ఒకటి, మధ్యాహ్నం గదికొచ్చి గంట పడుకోవడం, సాయంత్రం ఒకటి. దగ్గర దూరాలకి ముగ్గురు ఉన్నప్పుడు టాక్సీ ఎక్కేయండి, టోక్యోలో 500 యెన్లతో మొదలవుతుంది, తలుపు దానంతటదే తెరుచుకుంటుంది, దిగాక మీరు వేయక్కర్లేదు. రాత్రి పన్నెండు దాటితే రైళ్ళు ఉండవు, అది గుర్తుపెట్టుకోండి. చెప్పుల విషయానికొస్తే, లేసులు కట్టే బూట్లు పెద్దవాళ్ళకి వద్దు. గుళ్ళల్లో, కొన్ని హోటళ్ళల్లో విప్పాల్సి వస్తూనే ఉంటుంది, వంగి కట్టుకోలేక అవస్థ పడతారు, కాలు దూర్చేసే మెత్తటి బూట్లు కొని ఇక్కడే నెలరోజులు వాడించండి. సంప్రదాయ బస అని ర్యోకాన్ బుక్ చేస్తే పరుపు నేల మీద వేస్తారు, కింద నుంచి లేవలేనివాళ్ళకి కష్టం, మంచాలున్న గది ఉందా అని అడగండి.

చూడాల్సిన చోట్ల గురించి రాయనన్నాను గానీ, మన పెద్దవాళ్ళ కోసం మూడు చెప్పకుండా ఉండలేను.

టోక్యోలో అసాకుసా అనే చోట సెన్సోజీ గుడి ముందు పెద్ద ధూపం పాత్ర ఉంటుంది, అందరూ చుట్టూ నిలబడి ఆ పొగని చేతులతో తలకీ, నొప్పి ఉన్న చోటకీ అద్దుకుంటారు. ఎవరూ చెప్పకుండానే అమ్మ వెళ్ళి, హారతి కళ్ళకద్దుకున్నట్టు అద్దుకుని, తర్వాత వంగి రెండు మోకాళ్ళకీ అద్దుకుంది, పక్కనున్న జపాన్ ముసలావిడ కూడా సరిగ్గా అదే చేస్తోంది, ఇద్దరూ ఒకళ్ళని చూసి ఒకళ్ళు నవ్వుకున్నారు.

క్యోటోలో సంజూసంగెందో. 120 మీటర్ల పొడవు చెక్క మండపం, 1266లో తిరిగి కట్టింది, లోపల 1001 కన్నోన్ విగ్రహాలు, మన అవలోకితేశ్వరుడే. వాళ్ళ ముందు వరసలో 28 మంది కాపలా దేవతలు, అందులో చాలామంది మనవాళ్ళే. ఇంద్రుడున్నాడు, సరస్వతి ఉంది, ముక్కూ రెక్కలతో గరుత్మంతుడు వేణువు ఊదుతూ ఉన్నాడు. నాన్న ఇంగ్లీష్ బోర్డులు చదువుతూ ఒక్కొక్కళ్ళ దగ్గరా ఆగి అమ్మకి చెప్తుంటే గంటన్నర పట్టింది, నేను తొందరపెట్టలేదు. ఫొటోలు తీయనివ్వరు, చెప్పులు విప్పి వెళ్ళాలి, మెట్లు పెద్దగా లేవు. ఇక నారాలో తోదాయ్‌జీ, ఆ పెద్ద బుద్ధుడికి 752లో కళ్ళు తెరిపించే పూజ చేసింది మన దేశం నుంచి వెళ్ళిన బోధిసేనుడు అనే భిక్షువు. ఆ విషయం చెప్పి తీసుకెళ్ళండి, చూసే చూపే మారిపోతుంది.

హోటల్ గదిలో దీపం, అగరబత్తి వెలిగించకండి, పొగకి అలారం మోగుతుంది. అమ్మకి కార్తీక దీపం పెట్టలేకపోతున్నానని బెంగగా ఉండేది, అక్కడ చాలా గుళ్ళల్లో కొవ్వొత్తులు అమ్ముతారు, డబ్బాలో డబ్బులు వేసి మనమే వెలిగించి పెట్టొచ్చు, అలా రోజూ ఒకటి పెట్టించాను. రైల్లో ఫోన్ మాట్లాడకూడదు, వాట్సాప్ కాల్ కూడా, పెద్దవాళ్ళకి ముందే చెప్పి ఫోన్లు సైలెంట్‌లో పెట్టండి. రోడ్డు మీద చెత్తబుట్టలు దాదాపు ఉండవు, ఒక కవర్ దగ్గర పెట్టుకుని గదికి తెచ్చి పారేయండి. బాత్రూముల గురించి మాత్రం నిశ్చింతగా ఉండండి, స్టేషన్లలో కూడా ఫ్రీ, శుభ్రం, చాలావాటిలో కడుక్కోవడానికి నీళ్ళు బటన్‌తో వస్తాయి, కాకపోతే చేతులు తుడుచుకోవడానికి ఏమీ ఉండదు, చేతిరుమాలు ఉంచుకోండి. పాస్‌పోర్ట్ ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి, అది అక్కడి చట్టం. పోలీసుకి 110, అంబులెన్స్‌కి 119. ఏప్రిల్ చివర్నుంచి మే మొదటి వారం దాకా, ఆగస్టు మధ్యలో వాళ్ళకి సెలవులు, రద్దీ, అప్పుడు వద్దు. జూన్, జూలైల్లో వాన, ఆ తర్వాత మన బెజవాడ ఉక్కపోతే. పెద్దవాళ్ళకి నవంబర్ బాగుంటుంది, ఆకులు ఎర్రబడతాయి, పొద్దున్న స్వెటర్ చాలు.

నాన్న తన మంకీ క్యాప్ రైల్లో మర్చిపోయారు, పోతే పోయిందిలే అన్నా వినకుండా స్టేషన్లో చెప్పించారు, ఏ రైలు, ఎన్నింటికి దిగాం అని రాసుకున్నారు, మర్నాడు సాయంత్రం వెళ్తే చిన్న కవర్లో పెట్టి, దాని మీద చీటీ కట్టి ఇచ్చారు. వస్తువు పోతే అడగడానికి మొహమాటపడకండి.

మా సుయికా కార్డులు మూడూ వెనక్కి ఇవ్వలేదు, చివరిసారి వాడిన రోజు నుంచి పదేళ్ళు పనిచేస్తాయవి. మార్చిలో పిన్ని, బాబాయ్ వెళ్తున్నారు, వాళ్ళకి రెండు ఇచ్చేశాను, ఒక్కోదాన్లో నాలుగైదు వందల యెన్లు ఉన్నాయి. ఆ చేపల కార్డు ప్రింట్ కూడా ఇస్తుంటే అమ్మ ఇంకోటి తెచ్చి పిన్ని చేతిలో పెట్టింది, ఆ పెరుగు డబ్బా మూత కడిగి దాచుకుంది, అదే బొమ్మ చూసి కొనమని.